వాగులో రాయి వెతికిన ఏడాది

నిన్న సాయంత్రం నాలుగూ పదికి మా పక్కింటివాళ్ళు నేలకు పరిచే బండలు కోయించడం మొదలుపెట్టారు. నంద్యాలలో ఇళ్ళు లేస్తున్న ఏ వీధిలోనైనా ఈ చప్పుడు ఉండేదే కాబట్టి నేను తల ఎత్తలేదు. కాసేపటికి కిటికీలోంచి వాసన వచ్చింది. నీళ్ళు పోస్తూ రాయి కోసినప్పుడు లేచే తడిపొడి వాసన. తొలకరి వాసనకు దగ్గరగా ఉంటుంది గానీ, అందులో కొంచెం ఇనుము కలిసినట్టుంటుంది. దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కన పెట్టాను. దస్తగిరన్న చనిపోయి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆయన గురించి రాయాలని రెండుమూడుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ మొదటి వాక్యంలోనే ఆయన్ని మహానుభావుణ్ణి చేస్తున్నానని తోచి లేచిపోయాను. ఆయన మామూలు మనిషి. దాదాపు ఏడాదిపాటు నాకు ఒక అబద్ధం చెప్పాడు. నేను రాయవలసింది ఆ అబద్ధం గురించి.

షేక్ దస్తగిరి ఆళ్ళగడ్డలో ఒక శిల్పాల షెడ్డుకు మేస్త్రీ. ఆళ్ళగడ్డలో రోడ్డు వెంట రేకుల షెడ్లు, వాటి ముందు దేవుళ్ళు, నాయకులు, సగం చెక్కిన నందులు నిలబడి ఉంటాయి. అలాంటి షెడ్లలో అదొకటి. విగ్రహాలు చెక్కేవాళ్ళు వేరే ఉన్నారు. రాయి ఎంచడం, కోయించడం, ఎవరి పని వాళ్ళకు పంచడం, పూర్తయిన విగ్రహాన్ని దెబ్బ తగలకుండా లారీ ఎక్కించడం ఆయన పని. పొట్టి మనిషి. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తిదెబ్బకు ఊడిపోయి మళ్ళీ రాలేదు. ఏదైనా చెప్పేముందు ముక్కు రుద్దుకునేవాడు. నేను ఆయన దగ్గర పనికి చేరేనాటికి ఆయనకు అరవై దాటాయి, నాకు ముప్పై ఎనిమిది.

నేను అంతకుముందు నంద్యాలలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. పదకొండేళ్ళ కిందట, వానాకాలం చివర్లో నా భార్య సలోమికి జ్వరం వచ్చింది. ఆరో రోజు లేచి కూర్చుని చింతకాయ పచ్చడి అడిగింది. ఎనిమిదో రోజుకు లేదు. మాకు పిల్లలు లేరు. సమాధి కార్యక్రమం అయిన పది రోజులకు కాలేజీకి వెళ్ళాను. ఆ నెలలోనే ఒకరోజు పాఠం చదువుతూ ఒక వాక్యం మధ్యలో ఆగిపోయాను. నాకు రెండు నిమిషాలే అనిపించింది. గంట మోగేదాకా అలాగే నిలబడి ఉన్నానని పిల్లలు తరువాత చెప్పారు. ఎవరూ నవ్వలేదట. రెండోసారి కూడా అలాగే జరిగాక ఉద్యోగం మానేశాను. నిద్ర పోయింది. ఆకలి పోయింది. చావాలని కోరిక ఉండేదని చెప్పలేను గానీ, మరుసటి రోజు కావాలన్న కోరిక మాత్రం లేదు. నంద్యాల డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, ఇంట్లో ఒంటరిగా ఉండొద్దన్నారు. మా అక్క వచ్చి నన్ను ఆళ్ళగడ్డకు తీసుకెళ్ళింది.

అక్కవాళ్ళింట్లో నెలన్నర గోడవైపు తిరిగి పడుకున్నాను. చివరికి మా బావ నన్ను స్కూటరు ఎక్కించుకుని షెడ్డుకు తీసుకెళ్ళాడు. "మా బామ్మర్ది చేతిరాత అచ్చు గుద్దినట్టుంటాది, దస్తగిరన్నా. శిలాఫలకాలకు పనికొస్తాడు," అన్నాడు. ఆ రోజుల్లో ఆ షెడ్డులో రాతిమీద అక్షరాలు ముందు బ్రష్షుతో ఎర్రరంగులో రాసేవాళ్ళు. ఆ గీత వెంట ఉలి పోయేది. బడి గదులకు, బోర్లకు, గుడి మెట్లకు డబ్బిచ్చినవాళ్ళ పేర్లు రాయాలి. విగ్రహాల కింద పీఠాల మీద రాయాలి. మా క్రైస్తవుల సమాధిరాళ్ళ మీద రాయాలి. నేను ఎవరితోనూ మాట్లాడనవసరం లేని పని అది. రాయి ముందు పీట వేసుకుని పొద్దంతా రాసేవాణ్ణి. రాయి తెచ్చే లారీలకు చీటీలు కూడా నేనే రాసేవాణ్ణి.

నేను చేరిన రెండో వారంలో దస్తగిరన్న ఒక నల్లటి పలక కోయించి, నునుపు పట్టించి, నా పీట పక్కన గోడకు ఆనించాడు.

"మీ బావ చెప్పినాడు, నీ పెండ్లాం సమాధికి రాయి ల్యాదంట గదా. ఇది ఆయమ్మకు. నువ్వు రాయి, ఓబులేసు చెక్కుతాడు."

ఓబులేసు షెడ్డులో అందరికంటే పాత శిల్పి. నేను సరేనన్నాను. బ్రష్షు ముంచి పలక ముందు కూర్చున్నాను. సలోమి అని రాయడానికి మూడే అక్షరాలు. రంగు బ్రష్షు మీదే ఎండిపోయింది. మరునాడూ అంతే. ఊరూపేరూ తెలియని వాళ్ళ పేర్లు రోజుకు ముప్పై నలభై రాస్తున్నాను, ఆ ఒక్క పేరు మాత్రం రాయలేకపోతున్నాను. పలకను చూడకుండా పీట అటు తిప్పుకున్నాను. అక్కడ నంద్యాలలో ఆమె మీద ఉత్త మట్టి, ఇక్కడ నా వెనక ఉత్త రాయి. అలా క్రిస్మసు వచ్చి వెళ్ళింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం దస్తగిరన్న వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"అయ్యోరూ, రంగు ఎండిపాయె." పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఆయనకు నేను అయ్యోరినే.

"రాస్తానన్నా."

"రాద్దువులే. ముందు నాతో దా. రాయి చూడను పోవాల."

"నాకు రాళ్ళ సంగతేం తెలుసు?"

ఆయన ముక్కు రుద్దుకున్నాడు. "నాకు సెవులు సరిగ్గా ఇనపడ్డంల్యా. రాయి కొడితే గంట మాదిరి మోగాల. మోగకపోతే లోపల పగులుందని లెక్క. ఇనేదానికి ఒక మనిషి కావాల. నీ సెవులు బాగుండాయి గదా?"

నాలో ఇంకా బాగున్నది ఏదో ఉందని ఒకరు అనడం చాలా రోజుల్లో అదే మొదటిసారి. లేచాను.

ఆయన మోపెడ్ మీద వెనక కూర్చున్నాను. ఊరు దాటి, శనగ చేల మధ్య మట్టిదారిలో తూర్పుగా, నల్లమల కిందికి వెళ్ళాం. దారి అయిపోయినచోట బండి ఆపి నడిచాం. కానుగ చెట్ల కింద ఒక వాగు. నీళ్ళు మోకాలిలోతు కూడా లేవు. వాగు నిండా రాళ్ళు. ఉయ్యాలవాడ దగ్గర ఒక ఊరివాళ్ళు గుడి ముందుకు నంది కావాలన్నారనీ, అది వాగురాయితోనే చెయ్యాలని పట్టుబట్టారనీ ఆయన దారిలో చెప్పాడు. సంచిలోంచి సుత్తి తీసి నా చేతికిచ్చాడు.

"కొట్టు. యాది మోగుతాదో చెప్పు. తొందర ల్యా."

తాను కానుగ నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. నేను ఒక్కో రాయినీ కొట్టి విన్నాను. టప్. టప్. అన్నీ ఒకేలా వినిపించాయి. చేతికి పని ఉంది కాబట్టి కొట్టాను. గంట తరువాత నన్ను పిలిచి ఫ్లాస్కులోంచి టీ పోశాడు. నాకు ధైర్యం చెప్పలేదు, దేవుడి గురించి చెప్పలేదు. అప్పటిదాకా నన్ను చూడవచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెప్పి వెళ్ళినవాళ్ళే. ఎండ కొండ మీదికి ఎక్కిపోయాక తిరిగి వచ్చాం.

షెడ్డులోకి అడుగుపెట్టినప్పుడు ఎవరూ తలెత్తలేదు. రాయి దొరికిందా అని ఎవరూ అడగలేదు. అలా అడగకపోవడం వింతగా ఉందని నాకు తోచాల్సింది, తోచలేదు.

వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు వెళ్ళేవాళ్ళం. ఫిబ్రవరిలో ఆయన, "నీళ్ళు తగ్గనీ, అసలు రాయి అప్పుడు బయటపడతాది," అనేవాడు. ఏప్రిల్‌లో నీళ్ళు పూర్తిగా పోయి, వాగు తెల్లగా ఎండి, ప్రతి రాయీ బయటపడ్డాక, "ఒక వాన పడనీ, మట్టి కొట్టుకపోయి కొత్తరాయి తేల్తాది," అన్నాడు. నీళ్ళున్నా సాకే, నీళ్ళు లేకున్నా సాకే. ఇరవయ్యేళ్ళు పుస్తకాలు చదివి, పదేళ్ళు పాఠాలు చెప్పిన నేను ఇది పట్టుకోలేకపోయాను. ఇంకొకటి కూడా ఉంది. చెవులు సరిగ్గా వినపడని ఆ మనిషి తువ్వాలు మీద పడుకుని కళ్ళు మూసుకునే, "అదో, ఆవలి గట్టున కౌజుపిట్ట కూస్తాండాది, ఇను," అనేవాడు. నేను చెవి ఒగ్గి చాలాసేపు వింటేగానీ నాకు వినిపించేది కాదు.

ఏం జరిగిందో క్రమంగా చెప్పలేను. మొదట నిద్ర వచ్చింది. వాగుకు వెళ్ళిన రోజు రాత్రి నాలుగు గంటలైనా పట్టేది. తరువాత వినికిడి వచ్చింది. ఒకేలా ఉన్న చప్పుళ్ళు విడిపోయాయి. మట్టిలో కూరుకున్న రాయి ఒకలా, గులకల మీద తేలి ఉన్న రాయి ఒకలా, లోపల పగిలిన రాయి ఇంకోలా పలికేవి. రాళ్ళ కోసం ఒగ్గిన చెవిలో మిగతావీ పడ్డాయి. గాలి కానుగాకులో ఒకలా, రెల్లులో ఒకలా ఉంది. మార్చిలో ఒకరోజు లకుముకిపిట్ట నా ముందే మడుగులోకి పడి చేపతో లేచింది. దాన్ని చూస్తూ ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఆ కాసేపు నేను సలోమిని తలచుకోలేదని ఇంటికి వచ్చాక గుర్తుకొచ్చి, తప్పు చేసినట్టు ఏడ్చాను. మరుసటి వారం మళ్ళీ అలాగే జరిగింది, ఏడవలేదు. నంద్యాల ఇంట్లోనూ, అక్క ఇంట్లోనూ ప్రతి వస్తువూ, ప్రతి మనిషీ నన్ను ఏదో ఒకటి అడుగుతున్నట్టుండేది: తిన్నావా, ఎలా ఉన్నావు, ఇక ఏం చేస్తావు. వాగు ఏమీ అడగలేదు. నేను వచ్చినా రాకపోయినా దానికి ఒకటే. అది నాకు ఎంత విశ్రాంతిగా ఉండేదో ఇప్పటికీ సరిగ్గా రాయలేను.

మేలో నాకు నేనే బాగైపోయాననుకుని మాత్రలు మానేశాను. పది రోజుల్లో మళ్ళీ గోడవైపు తిరిగాను. అక్క చెబితే దస్తగిరన్న వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"మాత్రలేమైనాయి?"

"వాగుకు పోతున్నాం కదన్నా, ఇక ఎందుకని..."

"నువ్వు నిజంగా పాఠాలు సెప్పినోడివేనా? చెట్టు కింద కూకుంటే షుగరు తగ్గుతాదని నేను నా మాత్ర ఇడిసిపెట్టినానా? లెయ్, డాక్టరు కాడికి పోదాం పా." నంద్యాల దాకా బస్సులో నాతో వచ్చి, డాక్టరుగారి ముందు నేను చెప్పని సంగతులన్నీ ఆయనే చెప్పాడు. ఆ తరువాత టీ పోసేముందు, "మాత్ర మింగినావా?" అని అడిగేవాడు. మింగలేదంటే టీ లేదు.

వానలు వచ్చాయి, వాగు పారింది, మళ్ళీ తగ్గింది. అక్టోబరులో ఒక సాయంత్రం, మలుపు దగ్గర గట్టు కోసుకుపోయినచోట కొత్తగా ఒక రాయి బయటపడి ఉంది. నా నడుమెత్తు ఉంది. సుత్తితో కొట్టాను. మోగింది. నిజంగానే గంటలా మోగి, ఆ మోత కాసేపు గాలిలో నిలిచింది. మళ్ళీ కొట్టాను. చుట్టూ తిరిగి నాలుగువైపులా కొట్టాను. నా గుండె వేగంగా కొట్టుకుంది. ఏడాదికి పైగా నాకు దేనికీ అలా కొట్టుకోలేదు. దస్తగిరన్న ఆ రోజు నమాజుకని ముందే వెళ్ళిపోయాడు. రోడ్డు దాకా నడిచి, ఆటో పట్టుకుని నేరుగా షెడ్డుకు వెళ్ళాను.

"ఓబులేసూ, దొరికింది!"

ఓబులేసు ఒక అమ్మవారి వేళ్ళు చెక్కుతున్నాడు. "ఏందప్పా దొరికింది?"

"రాయి. గంట మాదిరి మోగింది. నందికి సరిగ్గా సరిపోతుంది."

"ఏ నందికి?"

"ఉయ్యాలవాడ వాళ్ళ నందికి."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఓబులేసు అటు ఒక చూపు చూసి, ఉలి కింద పెట్టాడు.

"సారూ, నువ్వు బలే మనిషివి. ఈ షెడ్డుకు రాయంతా యాడినుంచి వస్తాది?"

"లారీల్లో."

"ఆ లారీలకు చీటీలు రాసేది ఎవురు?"

"నేనే."

"వాగురాయితో రోలు కూడా కాదు సారూ. నందీ ల్యా, ఉయ్యాలవాడా ల్యా." గొంతు తగ్గించాడు. "మేస్త్రీ పద్దెనిమిదేండ్లుగా రాయి చూడను పోతాండాడు. ఒక్క గులకరాయి తెచ్చిందిల్యా. ఆయప్ప కొడుకు కోవెలకుంట్ల రోడ్డులో లారీ కింద పడి పోయినాడు సూడు, అప్పటినుంచి. మేమెవురన్నా అడిగినామా, దొరికిందా అని?"

అప్పుడు నాకు అర్థమైంది. ఆ షెడ్డులో ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండా పాటిస్తున్న మర్యాద ఒకటుంది. మేస్త్రీ రాయి చూడ్డానికి వెళ్ళి ఉత్త చేతులతో వస్తే తలెత్తకూడదు. పద్దెనిమిదేళ్ళలో ఆ మర్యాద తప్పి, రాయి దొరికిందని అరుచుకుంటూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. మూడు రోజులు షెడ్డుకు వెళ్ళలేదు. నాలుగో రోజు పొద్దున ఆయనే అక్కవాళ్ళింటికి వచ్చాడు.

"ఏమ్మా, అయ్యోరు కోపంగా ఉండాడా?" అని అక్కను అడిగి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"నన్ను చిన్నపిల్లోణ్ణి చేసి ఆడించినావన్నా," అన్నాను.

ముక్కు రుద్దుకున్నాడు. "ఊరికే కొండ కిందికి పోయి కూకుందాం దా అంటే వచ్చేటోడివా?"

"రాను."

"మరి?"

ఆయన మళ్ళీ అన్నాడు: "నేనైనా పోయేటోడినా? పనీపాటా లేకుండా మొగోడు వాగులో కూకుంటే పిచ్చోడంటారు. చేతిలో సుత్తి ఉంటే మేస్త్రీ రాయి చూస్తాండాడంటారు. నా బిడ్డ పోయినప్పుడు ఇంట్లో ఉంటే ఊపిరాడేది కాదప్పా. ఆడికి పోయి కూకుంటే ఆడేది. అది ఎట్లనో నాకు తెల్దు. సదువుకున్నోడివి, నువ్వే చెప్పాల."

"మరి చెవులు?"

"సెవులా? సెవులు బాగనే ఉండాయి."

టీ తెస్తున్న అక్క గుమ్మంలోనే నవ్వేసింది. గ్లాసుల్లోంచి టీ ఒలికింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా గొంతులోంచి వచ్చిందని నాకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం వాగుకు వెళ్ళాం. నాకు దొరికిన రాయిని ఆయనకు చూపించాను. చుట్టూ తిరిగి, నాలుగువైపులా కొట్టి, నిజంగా ఆశ్చర్యపోయాడు. "మోగుతాందే!" అన్నాడు. మేమిద్దరం దాన్నే ఆనుకుని టీ తాగాం. దాన్ని తెప్పించాలన్న మాట ఎవరమూ అనలేదు.

మరునాడు పొద్దున షెడ్డులో ఎవరూ రాకముందే వెళ్ళి, నా పీటను పలకవైపు తిప్పుకున్నాను. రంగు కలుపుకున్నాను. ఒక వాక్యం ఆలోచించి పెట్టుకున్నాను, మంచి వాక్యమే. కానీ బ్రష్షు ఆనించాక పేరు మాత్రమే రాశాను. ఓబులేసు వచ్చి చూసి, అమ్మవారిని పక్కకు జరిపి, ఆ పలకను ముందు పెట్టుకున్నాడు. దస్తగిరన్న దూరంగా నిలబడి చదివాడు. తెలుగు ఆయనకు కూడబలుక్కుని వచ్చేది.

"ఇంకేమీ రాయవా?"

"చాలన్నా."

"సాలు," అన్నాడు.

నంద్యాలలో దాన్ని నిలబెట్టిన రోజు పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా ఆయన టోపీ పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. తరువాత మోకాళ్ళ మీద కూర్చుని, పలక వాలకుండా ఉందో లేదో దారం వేసి చూసుకుని, అడుగున సిమెంటు తానే మెత్తాడు.

తరువాతి జూన్‌లో మళ్ళీ కాలేజీలో చేరాను. మాత్రలు ఇంకో ఏడాది వాడి, డాక్టరుగారు చెప్పాకే మానేశాను. సెలవు రోజుల్లో బస్సెక్కి ఆళ్ళగడ్డ వెళ్ళేవాణ్ణి, ఇద్దరం వాగుకు పోయేవాళ్ళం. చివరి రెండేళ్ళు ఆయన నడవలేకపోతే, ఆటో వెళ్ళగలిగినంత దూరం వెళ్ళి చేనిగట్టు మీద కూర్చునేవాళ్ళం. తన మీద రాయి పెట్టొద్దని ఇంట్లో ముందే చెప్పి ఉంచాడు. బతుకంతా రాళ్ళతో గడిపిన మనిషికి మట్టి మాత్రమే ఉంది. ఆయన కూతురు దాని తలవైపు ఒక కానుగ మొక్క నాటింది. మొన్న వెళితే నా భుజం దాకా పెరిగి ఉంది.

ఎట్లనో నువ్వే చెప్పాలని ఆయన అన్న మాటకు నేను జవాబు వెతికాను. చెట్ల మధ్య గడిపితే మనసు కుదుటపడుతుందని ఈమధ్య చాలామంది రాస్తున్నారు, చదివాను. మా డాక్టరుగారు కూడా ఇప్పుడు మాత్రలతోపాటు, రోజూ కాసేపు చెట్లున్న చోట నడవమని చీటీ మీదే రాసిస్తున్నారట. మంచిదే. నాకు తెలిసింది మాత్రం కొంచెమే. బాధ తగ్గడానికి ముందు చెవులు తెరుచుకున్నాయి. అవి తెరుచుకోవడానికి, నన్ను ఏమీ అడగని చోటు ఒకటి కావాల్సి వచ్చింది. అక్కడికి నా అంతట నేను వెళ్ళేవాణ్ణి కాదు. పక్కన ఒక మనిషి ఉండాల్సి వచ్చింది. పోయినేడు మా కాలేజీలో లెక్కలు చెప్పే శ్రీలతమ్మగారు తల్లి పోయి, మూడు నెలలు స్టాఫ్‌రూములో మాట్లాడకుండా కూర్చుంటే, "మేడం, ఆదివారం నేనూ మా అక్కా కొండల కింద ఒక వాగుకు వెళ్తున్నాం, వస్తారా?" అన్నాను. అక్కడేముంది సార్ అని ఆమె అడిగింది. ఏమీ లేదు, కూర్చుని వస్తాం అన్నాను. సరే అంది. ఇప్పుడు మేము పిలవకపోతే తనే అడుగుతుంది.

షెడ్డు ఇంకా నడుస్తూనే ఉంది. అక్షరాలు మిషను చెక్కుతోంది. ఓబులేసు కళ్ళద్దాలు పెట్టుకుని మేస్త్రీ పని చూస్తున్నాడు. అక్కడినుంచి ఇప్పుడు ఎవరూ రాయి చూడ్డానికని వాగుకు వెళ్ళడం లేదు.